ఆరెంజ్ సీసా వెంట లోసా

మా లోసా దుకాణంలో కిరోసిన్ కావాలంటే డబ్బా తెచ్చుకోవాలి. కూల్‌డ్రింకు సీసా పట్టుకెళ్తే చీవాట్లు ఉచితం. "పిల్లల కంటికి ఇది జ్యూసు కాక మరేమిటమ్మా?" అని పాస్టరుగారి భార్యనే కడిగేసింది. ఆ నోటికి జడిసి నేనూ డబ్బా కొన్నాను.

సవాయి దీవిలో మావి గోడల్లేని ఇళ్లు. తలుపే లేనప్పుడు తాళం ఎక్కడ వేస్తాం? పిల్లలు ఎవరింట్లోనైనా దూరతారు, ఎదురుగా ఏదుంటే అది తాగుతారు, ఎవరూ కాదనరు. లోసా కొడుకు ఫెతు రెండేళ్లప్పుడు అలాగే పక్కింట్లో నిమ్మరసం సీసా ఎత్తాడు. మింగింది గుక్కెడు కిరోసినే. కక్కిద్దామని పెద్దవాళ్లు గొంతులో వేలు పెట్టారు, అది కాస్తా ఊపిరితిత్తుల్లోకి పోయింది. "కక్కించకుండా తిన్నగా ఆసుపత్రికి తేవాల్సింది" అని డాక్టరు తల పట్టుకున్నాడు. ఫెతు బతికాడు గానీ పరిగెడితే ఇప్పటికీ ఆయాసమే.

మొన్న శనివారం ఊరిపెద్ద తుయాసౌ కిరోసిన్ కోసం ఖాళీ ఆరెంజ్ సీసాతో దుకాణంలో దిగాడు. పెద్దలతో నిలబడి మాట్లాడకూడదు కాబట్టి లోసా నేలమీద చతికిలబడి మరీ వాదించింది.

"డబ్బా తెప్పించండి పెద్దయ్యా."

"రేపు పొద్దున రాళ్ల పొయ్యి రాజేయడానికే గదే. ఒక్క పూటకి ఏం కొంప మునుగుతుంది?"

"మీ మనవరాలు తాగితే?"

"నోరు మరీ పెరిగింది నీకు. ముందు సీసా నింపు."

ఊరిపెద్ద మాట కాదంటే దుకాణం మూయించేస్తారు. నింపింది. నింపి, కొట్టు కట్టేసి, సీసా వెనకాలే నడిచింది. దారి పొడుగునా జనం ఒకటే నవ్వు. తుయాసౌ ఇంట్లో సీసా ఎక్కడ పెట్టాడో అక్కడే కూలబడింది.

"ఏమిటే ఈ కాపలా?"

"మీరు పొయ్యి రాజేసేదాకా నేను కదలను పెద్దయ్యా."

ఆయన భార్య నవ్వాపుకుంటూ కొబ్బరిపాలలో ఉడికిన చేమాకులు పెట్టింది. లోసా మొహమాటపడకుండా లాగించింది. పక్కింట్లోంచి నేనంతా చూస్తూనే ఉన్నాను.

ఇంతలో ఎండలో ఆడి ఆడి ఆయన మూడేళ్ల మనవరాలు, మాసినా అనే పిల్ల, పరుగున వచ్చింది. ఎవరివంకా చూడలేదు. తిన్నగా వెళ్లి సీసాను రెండు చేతులా ఎత్తి, మూతను పళ్లతో పట్టింది. లోసా లాగేసుకుంది.

"తాతా, నా జ్యూసు! అత్త ఇవ్వట్లేదు!" పిల్ల రాగం అందుకుంది.

మా దగ్గర పెద్దలు కూర్చుంటే చిన్నవాళ్లే అన్నీ అందించాలి. అలాంటిది తుయాసౌ తానే లేచాడు, తన చేత్తో మంచినీళ్లు ముంచాడు. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని తాగించి, ఆ పిల్లని ఒళ్లోంచి దించకుండానే అన్నాడు.

"లేవే లోసా. వెళ్లి కొట్టు తెరువు. డబ్బా కొనుక్కోవాలి."