వెనక సీటు స్పీకర్లు

నిన్న గరాచర్మలో నా కారుకు స్టీరియో బిగిస్తున్న మెకానిక్ "దీదీ, వెనక కూడా రెండు స్పీకర్లు పెట్టేద్దునా?" అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది.

మన నాన్నల జీపుల్లో వెనక సీటు పైన చెక్కపెట్టె స్పీకర్లు ఉండేవి, గుర్తున్నాయా? మాయాబందర్‌లో మా నాన్న వాటిని సరిగ్గా నా చెవి దగ్గరొకటి, తమ్ముడి చెవి దగ్గరొకటి బిగించాడు. అది మా మీద ప్రేమనుకుని బడిలో గొప్పలు చెప్పుకున్నాం.

ఒకరోజు క్యాసెట్ చిక్కుకుని పాట ఆగింది. ముందు సీటు అడ్డంగా ఉండి మాకేమీ కనబడలేదు. గేరు మార్చే చేత్తో నాన్న అమ్మ తొడ మీద గుద్దుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

"పిల్లలు ఇనేస్తారు," అంది అమ్మ.

అదే పిడికిలితో నాన్న స్టీరియోని గుద్దాడు. పాట మళ్ళీ మొదలైంది.

"వెనక వద్దు భయ్యా," అన్నాను. "ముందు సీట్లో ఏం జరిగినా నా పిల్లలకి ఇనబడాల."