కింద పెట్టి చెప్పాలి

మా బడిలో ఎల్‌కేజీ చెప్పే మేడమ్ పోయిందన్న కబురు సోమవారం ప్రార్థన కాగానే తెలిసింది. స్టాఫ్ రూములో అందరూ ఆమె మంచితనం తలుచుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. నిన్నటిదాకా "ఆటల మేడమ్" అని వెక్కిరించిన నోళ్లే అవి. అందులో నా నోరు అందరికంటే పెద్దది. ఆమె అంటే నాకు పడేది కాదు. పోయింది కదా అని అబద్ధం రాయలేను.

ఆరేళ్ల కింద ఆమె ఇంటి నుంచి చిన్న టీవీ, వీడియో గేమ్ తెచ్చి క్లాసులో పెట్టింది. ఇద్దరు పిల్లలను చాప మీద కూర్చోబెట్టి ఆడించేది. బొమ్మ మనిషి గుంతలో పడగానే, ఓడిన పిల్ల రిమోట్ కింద పెట్టి తనకేమవుతోందో చెప్పాలి. ఏడుపొస్తోందా, కొట్టాలనిపిస్తోందా, కడుపులో తిప్పుతోందా. గెలిచిన పిల్ల చివరిదాకా వినాలి. అప్పుడే రెండో ఆట. పక్క గదిలో ఎక్కాలు చెప్పించే నాకు ఇదేం చదువో అర్థమయ్యేది కాదు.

నా కూతురు అప్పుడు ఆ క్లాసే. ఓడిపోతే పక్కవాళ్లను కొరికేది. నా దెబ్బలకు మాననిది ఆమె దగ్గర నెల తిరక్కుండా మానేసింది. అది నాకు ఇంకా కడుపుమంట.

ఒకరోజు ఆ గోల భరించలేక వెళ్లి రిమోట్ లాక్కుని అరిచాను. నా కూతురు లేచింది.

"అమ్మా, ముందుగాల అది కింద పెట్టు. తర్వాత చెప్పు, మేం వింటం."

పిల్లలందరూ నిజంగానే వినడానికి సర్దుకుని కూర్చున్నారు. మేడమ్ నవ్వలేదు.

"కోపమొచ్చుడు తప్పు కాదు మేడమ్. చేతుల ఏదన్న పట్టుకొని చెప్పుడే తప్పు," అని చాప మీద నాకు జాగా చూపించింది.

నేను కూర్చోలేదు. ఆ సాయంత్రమే పేరు లేకుండా హెడ్‌మాస్టర్‌కు ఫిర్యాదు రాశాను. టీవీ బీరువాలోకి పోయింది. ఎవరు రాశారని ఆమె ఎవరినీ అడగలేదు. రోజూ మధ్యాహ్నం నా డబ్బాలో ఇంత మామిడికాయ తొక్కు వేయడం మాత్రం మానలేదు. నేనూ సిగ్గులేకుండా తిన్నాను.

నా కూతుర్ని తీసుకుని వాళ్లింటికి వెళ్లేసరికి ఆమెను చాప మీద పడుకోబెట్టారు. ఆ వీడియో గేమ్ పాఠాలకు తానే ప్రోత్సాహమిచ్చానని హెడ్‌మాస్టర్ ఆమె భర్తకు చెబుతున్నాడు.

"మరి ఎందుకు బంద్ పెట్టిచ్చిన్రు సార్? ఆమె మస్తు పరేషాన్ అయింది," అన్నాడాయన.

ఎవరో ఫిర్యాదు రాశారని హెడ్‌మాస్టర్ నసిగాడు. నాకు ఆయన మీద అరవాలనిపించింది. చేతిలో బడి తరఫున తెచ్చిన దండ. పక్కన నిలబడ్డ నా కూతురు నా ముఖం వైపు కాదు, చేతి వైపు చూసింది.

దండ చాప అంచున పెట్టాను.

"ఆ ఫిర్యాదు నేనే రాసిన. నాకు కుళ్లు పుట్టింది," అని ఆమె భర్తతో అన్నాను. తర్వాత మిగిలిందంతా చెప్పాను.

ఆయన మధ్యలో ఒక్క మాట అనకుండా చివరిదాకా విన్నాడు. దండ అక్కడే చాప మీద ఉంది.