ముసలి నక్షత్రాల టీచరమ్మ

రేపల్లెలో మా సైన్సు టీచరమ్మ పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. ఆ పక్కనే నగరం అనే ఊరి దగ్గర బడిలో ఇప్పుడు నేను చెబుతున్నది ఆవిడ నేర్పిన సైన్సే. ఏడుపు కంటే ముందు నాకు భయం వేసింది. తన శరీరాన్ని వైద్య కళాశాలకు ఇచ్చెయ్యాలని ఆవిడ ఎప్పుడో అందరికీ చెప్పేశారు. వాళ్ల అన్నగారు మాత్రం ఒప్పుకోలేదు. బతికుండగా ఆవిడతో వాదించి గెలవలేకపోయారు, ఇప్పుడు గెలిచేస్తారేమోనని నా భయం.

ఆవిడ పాఠాలు అంత తేలిగ్గా మరిచిపోయేవి కావు. ఓసారి తాలు కలిసిన వడ్లు చేటలో పట్టుకొచ్చి, టేబుల్ ఫ్యాన్ పెట్టి క్లాసులోనే తూర్పారబట్టారు. నక్షత్రానికి వయసు మళ్లితే ఒళ్లు ఉబ్బుతుంది, పైపొరల మీద పట్టు సడలుతుంది. అక్కడ పుట్టిన ధూళిని దాని వెలుగే బయటికి నెడుతుంది, ఆ ధూళి వాయువును వెంటేసుకుపోతుంది. అదీ ఆ రోజు పాఠం.

"ఫ్యాన్ గాలే వెలుగనుకోండర్రా" అన్నారు.

తాలంతా ఎగిరి, వరండాలో నిలబడ్డ లెక్కల మాస్టారి కాఫీలో పడింది. ఆయన విసుక్కుంటే, "కొత్త లోకాలు ఇలాగే పుడతాయండి, తాగెయ్యండి" అన్నారు!

జబ్బు చేసి ఆవిడ బాగా చిక్కిపోయాక, బాపట్ల నుంచి చుట్టాలొచ్చారు. నేనక్కడే ఉన్నాను.

"అయ్యో, సగమైపోయావేంటే!" అని ముక్కు చీదారు.

"ముసలి నక్షత్రమైనా సగం ఒళ్లు వదిలేస్తుంది. వదిలినదాంట్లోంచే కొత్తవి వస్తాయి. మీ ఒంట్లో కార్బన్ ఎక్కడిదనుకున్నారు? ఏడుపులాపి టిఫిన్ తినండి."

జాలి పడితే ఆవిడకి ఒళ్లు మండేది. నాకూ అదే అబ్బింది, అందుకు ఆవిడకి రుణపడి ఉంటాను.

మొన్న నేను వెళ్లేసరికి అన్నగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "తలకొరివి పెట్టకుండా చెల్లెల్ని ఎలా పంపుతానమ్మా? కోసి ముక్కలు చేస్తారంట కదా!"

"చేస్తారండి. పిల్లలు నేర్చుకుంటారు. ఆవిడ పాఠం చెప్పడానికి వెళ్తుంటే మీరు ఆపుతారా, బాబాయిగారూ?"

గట్టిగానే అడిగాను. పెద్దాయనతో అలా మాట్లాడినందుకు నాకేం సిగ్గుగా లేదు. ఆయన గడప మీద కూలబడి చాలాసేపు ఏడ్చారు. తర్వాత లేచి, కండువాతో మొహం తుడుచుకుని, బండిలో డ్రైవర్ పక్కన కూర్చున్నారు. నేను వెనక ఆవిడ దగ్గర కూర్చున్నాను.

తెనాలి రోడ్డు మీద శ్మశానం మలుపు వచ్చింది. ఊళ్లో పోయినవాళ్లందరినీ మోసే బండి అది. డ్రైవర్ అలవాటు కొద్దీ స్టీరింగ్ తిప్పబోయాడు. అన్నగారు రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నారు.

"తిన్నగా పోనీవయ్యా! మా చెల్లికి క్లాసు టైమవుతోంది."