లీలాకుమారి తీసేసిన మెరుపు

సినిమా మొదట్లో తెర మీద పేర్లు వస్తాయి చూశారూ, అవి తయారుచేయడం లీలాకుమారి పని. హీరో పేరు, దర్శకుడి పేరు, నిర్మాతగారి బావమరిది పేరు, అన్నీ ఆమె కంప్యూటర్‌లోంచి రావలసిందే. నేను ఎడిటర్‌ని. ఫిల్మ్‌నగర్‌లో ఒకే మేడ మీద మా గదులు పక్కపక్కన ఉండేవి. మధ్య గోడ పల్చన కాబట్టి ఆమె ఎప్పుడు ఎవరితో పోట్లాడుతోందో నాకు తెలిసిపోయేది. చాలాసార్లు గెలిచేది ఆమే.

ఆమెది బోరబండ. డిగ్రీ కాగానే అమీర్‌పేటలో మల్టీమీడియా కోర్సు చేసింది. ఆ రోజుల్లో అమీర్‌పేటలో కోర్సు చేసిన వాళ్లంతా హైటెక్ సిటీ వైపు పరుగెత్తుతుంటే, ఈమె మా వైపు బస్సెక్కింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు పిలిచారు కూడా. వెబ్‌సైట్ తెరవగానే భూగోళం గిరగిరా తిరగాలట, దాని వెనకనుంచి మెరుపొకటి రావాలట, ఆ మెరుపులోంచి కంపెనీ పేరు పుట్టాలట. "గదే మెరుపు గీడ ఏస్తే మా నాయిన చూస్తడు సార్. గాడ ఏస్తే ఎవలు చూస్తరు?" అని నాతో అని, ఆ ఉద్యోగం వద్దనుకుంది.

నాయిన అంటే లక్ష్మయ్య. మా యూనిట్లలో లైట్‌మన్. బరువైన లైట్లు మోయడం, పరంజాలెక్కించడం ఒకెత్తు, నల్ల అట్ట పట్టుకుని నిలబడటం ఒకెత్తు. లైటు వెలుగు తిన్నగా కెమెరా లెన్సులో పడితే బొమ్మ మీద తెల్లటి చార వస్తుంది. అది పడకుండా అట్ట అడ్డం పెట్టాలి. చెయ్యి కాస్త వణికిందా, కెమెరామన్ నోట్లోంచి ఏం వస్తుందో ఇక్కడ రాయలేను. లక్ష్మయ్య జీవితమంతా ఆ చారని ఆపడంలో గడిచింది. కూతురు కంప్యూటర్‌లో సరిగ్గా ఆ చారనే తెచ్చి పేర్ల మీద పెట్టి పేరు తెచ్చుకుంది.

"నేను లెన్సుల పడకుండ అడ్డం పెట్టిన. నువ్వు పైసలు తీస్కొని మరీ ఏస్తున్నవ్" అని ఆయన నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఆ మెరుపు ఎలా మొదలైందో నాకు తెలుసు. ఒక సినిమాకి హీరో పేరు మరీ బోసిగా ఉందని లీల ఎడమనుంచి కుడికి ఒక వెలుగు చార పరిగెత్తించింది. ఆ సినిమా వంద రోజులు ఆడింది. అంతే, సెంటిమెంటైపోయింది. మన ఫీల్డులో సెంటిమెంట్ ఒకసారి పట్టుకుంటే వదిలించడం ఎవరి తరమూ కాదు. ప్రతి నిర్మాతా ఆమె గదికే వచ్చి, మెరుపు అలాగే ఉండాలి, కానీ కొత్తగా ఉండాలి అనేవాడు. ఆ మెరుపుతోనే బోర్లాపడిన సినిమాలు బోలెడున్నాయి, వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మెరుపుతో ఆగితే బాగుండును. అక్షరాలు బంగారానివయ్యాయి. ముక్కలు ముక్కలుగా ఎగిరొచ్చి అతుక్కునేవి, అద్దంలా పగిలిపోయేవి, పొగై పోయేవి. వీటన్నిటి మధ్య పేరు నిలకడగా కనిపించేది రెప్పపాటు. చదువుదామని కళ్లజోడు సర్దుకునేలోపు బూడిదయ్యేది. పేరు వేసేది చదువుకోవడానికి కాదా అని నేను అరిచేవాణ్ని. మా వీధిలో పెళ్లి వీడియోల వాళ్లు కూడా వధూవరుల పేర్ల మీద అదే మెరుపు వేయడం మొదలెట్టాక అరవడం మానేశాను.

ఇలా ఉండగా లక్ష్మయ్య పని మానేస్తానన్నాడు. మోకాళ్లు సహకరించడం లేదు. నిర్మాత వీరరాఘవయ్యగారి సినిమాయే ఆఖరిది. అప్పుడు లీల నా గదికొచ్చి ఒక సంగతి చెప్పింది. ఇన్ని సినిమాలు చేసిన మనిషి తెర మీద తన పేరు ఒక్కసారి కూడా చదువుకోలేదట.

నేను నమ్మలేదు. ఆమె వివరంగా చెప్పింది. ఇంతకుముందు లైట్‌మన్ల పేర్లు వేసేవాళ్లే కాదు. ఇప్పుడు వేసినా లైటింగ్ వాళ్లందరికీ కలిపి ఒకటే కార్డు, అంటే అన్ని పేర్లూ ఒకేసారి తెర మీదికొచ్చి ఒకేసారి పోతాయి. వాళ్లలో పెద్దవాడు కాబట్టి పేర్లు ఇచ్చేది లక్ష్మయ్య. తోటివాళ్లవన్నీ చెప్పి తనది చివర చెబుతాడు. మార్చుదామంటే ఒప్పుకోడు. ఆయన చదువు గోడల మీద పోస్టర్లు చూసి నేర్చుకున్నది, కూడబలుక్కుని చదవాలి. మొదటి పేరునుంచి మొదలెడతాడు, సగానికి రాకముందే మెరుపొచ్చి కార్డంతా ఎగరగొట్టేస్తుంది.

తిన్నగా కిందికే చూడొచ్చుగా అన్నాను.

"నేను గదే అన్న సార్. నడుమల వాళ్లను ఇడిసిపెట్టి నా పేరు ఎట్ల చదువుత బిడ్డా అన్నడు." మళ్లీ తనే, "ఈసారి చదువుతడు. నేను చదివిపిస్త" అంది.

ఆమె చదివిస్తానంటే చదివిస్తుంది, నాకు అనుమానం లేదు. కానీ చిక్కు ఉంది. టైటిల్స్ పాట ముందే రికార్డయిపోయింది, పాట ఎంతో పేర్లూ అంతే. మెరుపూ పగలడమూ కలిపి ప్రతి కార్డు బోలెడు సమయం తినేస్తోంది. దానికితోడు వీరరాఘవయ్యగారు రోజుకో కృతజ్ఞతల కార్డు పంపిస్తున్నారు. భోజనాలు పెట్టిన హోటలాయనకి, ఇల్లు షూటింగుకిచ్చిన వియ్యంకుడికి. అవి చేరిన కొద్దీ లైటింగ్ కార్డు కుంచించుకుపోతోంది. మెరుపు తీసేస్తే అందరికీ చోటుంది. ఆ మాట ఆయనతో చెప్పింది లీల.

"మెరుపు లేకుండా నా సినిమా మొదలవ్వదమ్మా" అన్నారాయన. "నువ్వు వెయ్యనంటే చెప్పు. కృష్ణానగర్‌లో వేసేవాళ్లకి కొదవ లేదు."

ఆమె కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. వేస్తానంది. ఆయన చెప్పినట్టే అన్ని కార్డులకీ మెరుపు వేసి, ప్రింటు తీయించి, ప్రివ్యూ థియేటర్లో చూద్దామంది. వెళ్తూ వెళ్తూ, ఆయన తల్లి పెద్దమ్మగారిని కూడా తీసుకురమ్మని చెప్పింది. మొదటి కార్డు ఆమె భర్తది కదా, ఆమె చూడకపోతే ఎలా అని.

మొదటి కార్డంటే వీరరాఘవయ్యగారి నాన్నగారి ఫోటో. పోయిన పెద్దల ఫోటోకి దండ వేసి, ముందు దీపం పెట్టి, దాంతో సినిమా మొదలుపెట్టడం మనవాళ్ల ఆనవాయితీ. జూబ్లీహిల్స్‌లో వాళ్లింటి పూజగదిలోనే ఆ షాట్ తీశారు. దీపం వెలిగించింది ఆయన తల్లి బాలాత్రిపురసుందరమ్మగారు.

ఉదయాన్నే ప్రివ్యూకి కూర్చున్నాం. పెద్దావిడ ముందు వరుసలో, పక్కన కొడుకు, వెనక లీల, నేను. తెర మీద ఫోటో వచ్చింది. చీకటి గదిలో వెండి కుంది, చిన్న వత్తి, ఆ వెలుగులో ముసలాయన ముఖం. చక్కగా ఉంది. అంతలో ఎడమనుంచి మెరుపు బయల్దేరింది. ఫోటో మీదుగా పాకి, తెర తెల్లబోయేలా వెలిగి, కుడివైపు వెళ్లింది. తర్వాత హీరో పేరు, దాని మీద మెరుపు. హీరోయిన్ పేరు, మెరుపు.

"ఆపమను" అన్నారు పెద్దావిడ.

ఆపారు. లైట్లు వేశారు.

"రాఘవా, నాన్నగారి ముందు దీపం ఆరిపోయిందేంట్రా?"

ఆరలేదమ్మా అని ఆయన నచ్చజెప్పబోయారు. ఆవిడ మళ్లీ వెయ్యమన్నారు. రీలు తిప్పి మళ్లీ వేశారు. ఈసారి అందరం దీపాన్నే చూశాం. మెరుపు వచ్చి పడగానే చిన్న వత్తి కనబడకుండా పోయింది. తెరంతా వెలుగే, దీపం మాత్రం లేదు. మెరుపు వెళ్లీ వెళ్లకముందే కార్డు మారిపోయింది. నాకు చెంప పగిలినట్టయింది. ఇన్నేళ్లుగా ఎంతోమంది పెద్దల ఫోటోల ముందు ఇలాగే దీపాలార్పుతూ వచ్చాం. అందరి కళ్లూ మెరుపు వెంట పరిగెత్తడంవల్ల ఎవరికీ కనబడలేదు. క్లాపు కొట్టడానికి కూడా ముహూర్తం చూసే ఫీల్డు మాది, దీపం ఆరడం ఎంత అపశకునమో వేరే చెప్పాలా.

వీరరాఘవయ్యగారు వెనక్కి తిరిగారు. ముఖంలో నెత్తురు లేదు. "ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్" అంది లీల. "మెరుపు ఏస్తే చిన్న వెలుగు కనవడది. ఆ దినం మీ పూజగదిల లైటు పట్టింది మా నాయిన. ఆ వత్తి కనవడాలని పొద్దంత నల్లట్ట పట్టుకొని నిలవడ్డడు. నేను నోటితోని చెప్తే మీరు ఇనకపోతుంటిరి. గందుకే పెద్దమ్మను పిలువుమన్న."

ఆయన తల్లివైపు చూశారు. ఆవిడ కొంగుతో కళ్లు అద్దుకుంటున్నారు.

"తీసెయ్" అన్నారాయన.

ఆ ఒక్క కార్డుకేనా అని అడిగాను. లీల నా కాలు తొక్కింది. కానీ ఆయనే అందుకుని, దీపాన్నార్పిన మెరుపు తన సినిమాలో ఎక్కడా ఉండటానికి వీల్లేదని, పగలడాలూ పొగలూ కూడా తీసిపారేయమని, అక్షరాలు కుదురుగా వచ్చి కుదురుగా పోవాలని చెప్పారు. సెంటిమెంట్‌ని వదిలించడానికి ఇంకో సెంటిమెంట్ కావలసివచ్చింది. ఆ పిల్ల తెలివికి నేను లోలోపల దండం పెట్టాను.

ఆ తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. సినిమా బాగానే ఆడింది. నెల తిరక్కుండానే నిర్మాతలు లీల గది ముందు వరుసకట్టారు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కావాలట, కదలకూడదట. అచ్చం అలాగే ఉండాలి, కానీ కొత్తగా ఉండాలట. గోడకి ఇవతల కూర్చుని నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఇక విడుదల రోజు. ఉదయం ఆటకి లీల తల్లిదండ్రుల్ని తీసుకుని యూసుఫ్‌గూడ దగ్గరి థియేటర్‌కి వచ్చింది. నేను వాళ్ల వెనక వరుసలో కూర్చున్నాను. లక్ష్మయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందు సీటు అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫోటో వచ్చింది, దీపం వెలుగుతూనే ఉంది. పేర్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. లైటింగ్ కార్డు వచ్చింది.

ఆయన పైనుంచి మొదలెట్టాడు. పెదవులతో కూడబలుక్కుని, పైకే చదివాడు. "హ...ను...మంతు." తర్వాతి పేరు. ఆ తర్వాతిది. కార్డు కదల్లేదు. జనంలో ఎవడో ఈల వేశాడు, ఇంకొకడు రీలు ఇరుక్కుందని అరిచాడు. అంతసేపు ఉంచొద్దని ఎడిటింగ్‌లో నేను లీలతో గొడవపడ్డాను కూడా. ఇంట్లో నాన్న ముందు పేపరు పెట్టి, ఆయన ఎంతసేపటికి ఎన్ని పేర్లు చదువుతాడో చూసి ఆ కార్డు నిడివి పెట్టిందని నాకప్పుడు తెలియదు. ఈల వేసినవాడిని లేచి తన్నాలనిపించింది.

"ల...క్ష్మ...య్య" అన్నాడాయన. మళ్లీ ఒకసారి, ఈసారి కూడబలుక్కోకుండా, "లక్ష్మయ్య" అన్నాడు. కార్డు అప్పుడు మారింది.

నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. లీల ఏడవలేదు. నాన్న వైపు తిరిగి, గెలిచినదాని లాగా కూర్చుంది.

లక్ష్మయ్య చొక్కా సర్దుకుని లేచి నిలబడ్డాడు. వెనకవాళ్లు కూర్చోమని కేకలేశారు. యాడికి పోతున్నవని భార్య చెయ్యి పట్టుకుంది.

"ఇగ ఇంటికి పోదాం పా" అన్నాడాయన. "నేను చూసేది అయిపోయింది."

సినిమా ఇంకా మొదలే కాలేదు.