ఉత్తరానికి తలపెట్టిన మట్టి

మొన్న మా పక్కింటివాళ్ళు బోరు వేయించారు. గొట్టం దిగేకొద్దీ ముందు ఎర్రనీళ్ళు, తరువాత పచ్చటి ఇసుక, ఆ తరువాత నల్లటి బురద పైకి వచ్చాయి. ఆ బురద వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. సముద్రపు పోటు తీసేశాక ఉప్పుటేరు గట్టున వచ్చే వాసన అది. కూర దించేసి అటు వెళ్ళాను. చిటికెడు బురద తీసి ముందుపళ్ళతో కొరికి చూశాను. బోరు వేసే మనిషి ఇంజను ఆపేశాడు.

"ఏంటండీ మామ్మగారూ, మట్టి తినేస్తన్నారు?"

"గరగర లేదండి బాబూ. మెత్తటి బంక, ఉప్పగా ఉంది. మంచినీళ్ళు పై ఇసుకలోనే ఉండిపోయేయి. గొట్టం పైకి లాగండి."

అతను నమ్మలేదు. కానీ నీళ్ళు రుచి చూశాక గొట్టం పైకి లాగాడు.

ఈ అలవాటు నాకు సుగుణ మేడమ్ గారి దగ్గర వచ్చింది. ఆవిడ రాజోలు వైపు మిషన్ బడి పంతులుగారి అమ్మాయి. విశాఖపట్నంలో నేల గురించి పెద్ద చదువు చదివి, అక్కడే పాఠాలు చెప్పేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మామిడికుదురు దగ్గర కొబ్బరికాయలు పోసుకునే కొట్టు ఒకటి అద్దెకు తీసుకున్నారు. ఊడ్చడానికి, మధ్యాహ్నం వంటకు నన్ను పెట్టుకున్నారు. అప్పటికి నాకు నలభై దాటాయి. మా ఆయన కొబ్బరి దింపు తీసేవాడు. నాకు అక్షరం ముక్క రాదు, వేలిముద్రే.

మొదటి రోజే ఆవిడ చేలో తీసిన మట్టిని నోట్లో పెట్టుకొని నమలడం చూశాను. వెళ్ళి జీపు డ్రైవరు సూరిబాబును పట్టుకున్నాను.

"ఏమండీ, మేడమ్ గారికి ఒంట్లో బాగుందా? నేను మట్టి తిన్నది కడుపుతో ఉన్నప్పుడేనండి."

"ఆయ్. ఆవిడ రోజూ తింటారండి. మీరు కూర బాగా వండితే మానేస్తారేమో చూడండి."

ఆ మాట ఆవిడ చెవిన పడనే పడింది. నవ్వి, నన్ను పిలిచి, నా అరచేతిలో కాస్త మట్టి పెట్టారు. "కొరుకు రత్నం. పళ్ళకి గరగరలాడితే ఒండ్రు, వెన్నలా జారితే బంక. చేతివేళ్ళు అబద్ధం చెప్తాయేమో గానీ పళ్ళు చెప్పవు." కొరికాను. గరగరలాడింది. నాకూ నవ్వు వచ్చింది.

ఆవిడ పని ఏమిటో అన్నం వడ్డిస్తూ అడిగి తెలుసుకున్నాను. కోనసీమంతా గోదావరి తెచ్చి పోసిన మట్టేనట. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా ఒక ఇసుక గట్టు వదిలి వెళ్ళిందట. మా ఇళ్ళు, కొబ్బరితోటలు ఉన్న మెరకలన్నీ అలాంటి పాత ఒడ్డులే, మధ్యలో వరి పండే పల్లాల్లో ఒకప్పుడు ఉప్పునీళ్ళు నిలిచేవి. ఏ ఒడ్డు ముందుది, ఏది తరువాతది అని ఆవిడ వెతుకుతున్నారు. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆయనతో, మనం సముద్రపు ఒడ్డున కాపురం ఉంటున్నామని చెప్పాను. "చేపలు పట్టుకురానా?" అన్నాడు.

చేలలో గొట్టం దింపి మట్టిని కడ్డీల్లా పైకి తీసేవారు. సగానికి చీల్చిన ప్లాస్టిక్ గొట్టాల్లో ఆ కడ్డీలను పడుకోబెట్టి, ఎండిపోకుండా తడిగోనెలు కప్పేవారు. ఒక్కొక్క గొట్టం నడుముకు అంకె వేసిన చీటీ దారంతో కట్టి ఉండేది. "పైవైపు దీని తల, అడుగువైపు దీని కాళ్ళు. తలలన్నీ ఉత్తరపు గోడ వైపు ఉండాలి" అని మేడమ్ గారు చెప్పారు. తలవైపు సుద్దతో గీసిన గుర్తు ఉండేది గానీ, తడిగోనెలకు అది చెరిగిపోయేది. ఎటు తిరిగి ఉందన్నదే ఇక మిగిలిన గుర్తు.

ఒకసారి ఆవిడ మూడు రోజుల పనిమీద విశాఖపట్నం వెళ్ళారు. ఆ కొట్టులో ఒంటరిగా గోనెలు తడుపుతుంటే నా మనసుకు ఎలాగో అయింది. నలభై కడ్డీలు వరసగా, గుడ్డ కప్పుకొని, ఉత్తరానికి తలపెట్టి పడుకున్నాయి. మా వైపు ఉత్తరానికి తలపెట్టి ఎవరిని పడుకోబెడతారో అందరికీ తెలుసు. పిల్లలు అటు తలపెట్టి పడుకుంటే నిద్రలోనే తిప్పి పడుకోబెడతాం. ఆవిడ చదువుకున్నావిడ, పట్టించుకోరు. కీడు తగిలితే ఆవిడకే కదా అనుకొని, ఒక్కొక్కటే ఎత్తి తలను దక్షిణానికి తిప్పడం మొదలుపెట్టాను. పొద్దుపోయింది. సగంలో ఆపి ఇంటికి వెళ్ళాను. మర్నాడు వచ్చేసరికి ఎక్కడ ఆపానో గుర్తులేదు. గుర్తు రాసుకోవడానికి నాకు రాత లేదు. తోచినచోట మొదలుపెట్టి మళ్ళీ తిప్పాను. అలా కొన్ని రెండుసార్లు తిరిగాయి.

మేడమ్ గారు వచ్చాక సంతోషంగా చెప్పాను కూడా. ఆవిడ ముఖం తెల్లబోయింది.

"ఎన్ని తిప్పేవు?"

"తెలీదండి."

ఆవిడ అరవలేదు. నేలమీద కూలబడి చేతిలోని సుద్దముక్కను చిన్నచిన్న ముక్కలుగా విరుస్తూ ఉండిపోయారు. సూరిబాబే నన్ను బయటికి పిలిచి చెప్పాడు. "ఎంత పని చేసేరండీ! సోమవారం విశాఖపట్నం కాలేజీ పెద్దాయన వచ్చి చూస్తారు. ఏది పైనో ఏది కిందో తెలీకపోతే ఈ మట్టితో గోడలు అలుక్కోవడమే. మళ్ళీ తీద్దామంటే చేలన్నీ నాట్లేసేసేరు. మేడమ్ గారి రెండేళ్ళ పని పోయినట్టేనండి."

లోపలికి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. దగ్గరున్న కడ్డీ మీద బొటనవేలు రాశాను. వేలికి సన్నటి పొరలు తగిలాయి. ప్రతి పొరా ఒక అంచున గరుకుగా ఉండి, రెండో అంచుకు వచ్చేసరికి నున్నబడుతోంది. నాకు మా అమ్మగారి ఇంటి బిందె గుర్తొచ్చింది.

"మేడమ్ గారండీ, మా చిన్నప్పుడు గోదారి నీళ్ళే తాగేవాళ్ళమండి. వరదలప్పుడు ఎర్రనీళ్ళు బిందెలో పోసి ఉంచితే అడుగున ముందు ఇసుక దిగేదండి. దాని మీద మెత్తటి బురద. ఇదీ అంతేనేమోనండి. ఒక్కో పొర ఒక్కో వరద. గరుకు వైపు కాళ్ళు, నున్న వైపు తల."

ఆవిడ లేచి తన నోటుపుస్తకం తెచ్చి, నాకు కనబడకుండా ఒడిలో పెట్టుకున్నారు. ఏ చివర తలో తెలిసేలా, తీసినప్పుడే గీసుకున్న కడ్డీల బొమ్మలు అందులో ఏడు ఉన్నాయట. "చెప్పు. ఒక్కొక్కటే చెప్పు" అన్నారు.

ఆ రోజు వంట లేదు. వేలితో రాసి, పళ్ళతో కొరికి, వరిదుబ్బుల వేళ్ళు ఉన్న చివరే తల కాబట్టి అవి ముందు తేల్చాను. పొరలున్నవి తరువాత. సూరిబాబు నా వెనకే సుద్ద పట్టుకొని గుర్తులు వేస్తూ, "సోది చెప్పే అమ్మలాగా ఉన్నారండీ" అని నవ్వించాడు. ముప్పై ఏడు చెప్పాను. మిగిలిన మూడూ మొత్తం ఒకే నల్లటి బంక. ఎటు రాసినా వెన్నే.

"ఇయ్యి నాకు తెలీడం లేదండి."

"ఊహించి చెప్పు."

"తప్పు చెప్తే మళ్ళీ మీకేనండి కీడు. తెలీదండి."

ఆవిడ పుస్తకం మూసేశారు. బొమ్మలున్న ఏడూ సరిపోయాయి. "తెలీదన్నావు చూడు, అందుకే మిగతావన్నీ నమ్ముతున్నాను" అన్నారు. ఆ మూడింటినీ పక్కన పెట్టించారు. "మా పుస్తకాల్లో పొరల తల పట్టుకునే పద్ధతి ఇదే. నీకు చదవడం వచ్చు రత్నం. అక్షరాలే రావు."

నా చదువు అ, ఆలతో మొదలు కాలేదు. రంగు డబ్బా, కుంచె నా చేతికిచ్చి, ఒక్కొక్క గొట్టం చివర 'పై' అని, రెండో చివర 'కింద' అని రాయించారు. ముప్పై ఏడు సార్లు రాశాను. మొదటి 'పై' కప్పలా ఉంది, చివరిది అక్షరంలాగే ఉంది. తరువాత 'ఇసుక', 'బంక', 'ఒండ్రు', 'గవ్వ' నేర్చుకున్నాను. సోమవారం వచ్చిన పెద్దాయన గొట్టాలన్నీ చూసి, ఈ రాత ఎవరిదని అడిగారు. "మా రత్నంగారిది" అన్నారు మేడమ్. నా పేరు వెనక గారు వినడం నాకు అదే మొదలు.

పని ముగించుకొని ఆవిడ వెళ్ళిపోయిన కొన్నేళ్ళకు నా పేరున ఉత్తరం వచ్చింది. పెద్దపెద్ద అక్షరాలతో, నా కోసమే రాశారు. లోపల ఒక ఫొటో ఉంది. కుజుడి మీద తీసినదట. నీళ్ళు లేవు, చెట్టు లేదు, అంతా ఎండిన నేల. 'ఇది ఒకప్పుడు నది. దీని తల ఎటో చెప్పగలవా?' అని ఉంది.

"కుజుడా? పెళ్ళిళ్ళు చెడగొట్టేవోడేనా?" అన్నాడు మా ఆయన.

ఫొటోను నాలుగు వైపులా తిప్పి చూశాను. సన్నగా ఒక్క పాయగా వచ్చి, విసనకర్రలా విప్పుకొంది. మన లంకల్లాంటివే పాయల మధ్య మిగిలి ఉన్నాయి. మూడు రోజులు కూర్చొని, పుట్టి బుద్ధెరిగాక మొదటి ఉత్తరం రాశాను. 'సన్న వైపు తల. విప్పుకున్న వైపు సముద్రం. అక్కడ కూడా గోదారి ఉంది మేడమ్ గారండీ. అక్కడి మట్టి దొరికితే కొంచెం పంపండి, కొరికి చెప్తాను.'

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఆ ఫొటో మా దేవుడి గూటి పక్కనే ఉంది.

మొన్న బోరు మనిషిని ఏది పైవైపో అడిగి, గొట్టంలో ఇరుక్కున్న చెదరని నల్లమట్టి ముద్ద ఒకటి తెచ్చుకున్నాను. ఒక చివర 'పై' అని, రెండో చివర 'కింద' అని చీటీలు అంటించి, కిటికీలో పడుకోబెట్టాను. దాని తల ఉత్తరానికే పెట్టాను.