గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు: కృపతో ఇల్లు వెతికిన రోజు

సోషియాలజీ మొదటి పాఠం చెప్పబోయే మనిషికి ముందుగా ఉండడానికో ఇల్లు కావాలి. మా ప్రయాణం అందుకోసమే మొదలైంది. ఎమ్మే సోషియాలజీలో కృపావతి, నేను ఒకే బెంచీలో కూర్చునేవాళ్లం. చదువయ్యాక నేను కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. తను గద్వాలలో అరకొర జీతానికి పాఠాలు చెబుతూ, పరీక్ష మీద పరీక్ష రాసి, చివరికి డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఉద్యోగం తెచ్చుకుంది. పోస్టింగు నాగర్‌కర్నూల్‌లో. సొంతూరు ఉప్పునుంతల అక్కడికి దగ్గరే కాబట్టి, మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లిని తెచ్చి దగ్గర పెట్టుకోవచ్చని, దవాఖానలో చూపించవచ్చని ఎంతో సంబరపడింది. "సోమవారం జాయిన్ అయితున్న. శనివారం ఇల్లు చూసేటందుకు పోదాం, వస్తవా? దారిల కోట, గుడి గూడ చూపిస్త" అని ఫోన్ చేసింది. పాలమూరు జిల్లాలో ఆ వైపు నేనెన్నడూ తిరగలేదు. వస్తానన్నాను.

కర్నూలు నుంచి పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే గద్వాలలో దిగవచ్చు. స్టేషన్లో కృప ఎదురుచూస్తూ ఉంది. కోట చూడడానికి గంట చాలు. మట్టి బురుజులు సగం కరిగిపోయాయి కానీ లోపలి గుడి గోపురం మాత్రం నిటారుగా నిలబడే ఉంది. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిర్చి బజ్జీ తిన్నాం. గిన్నె ముందు కూర్చున్న పెద్దావిడది కన్నడం కలిసిన సరిహద్దు భాష. "బన్రి అక్కా, కూసోన్రి. వేడివేడిగ ఉన్నది" అని పిలిచి, అడక్కుండానే కృప ఆకులో ఇంకో గరిటె వేసింది. "ఉద్యోగం వచ్చిందంటివి గద. ఇంగ మా హోటల్కు రావు" అంది. కృప నవ్వి ఆమె చేతులు పట్టుకుంది.

వనపర్తి బస్సు కృష్ణ దాటి పెబ్బేరు మీదుగా పోతుంది. కిటికీ పక్కన కూర్చుని కృప సోమవారం చెప్పబోయే పాఠాన్ని నా మీద ప్రయోగించి చూసుకుంది. "పాత్ర అనే మాట పిల్లలకు ఎట్ల చెప్పాలె అని ఆలోచిస్తున్న. గీ కండక్టర్‌నే చెప్త. బస్సుల ఉన్నంతసేపు కండక్టర్, ఇంటికి పోతె తండ్రి, వాళ్ల అమ్మకు కొడుకు. మనిషి ఒక్కడే, పాత్రలు ఎన్నో. గిట్ల చెప్తె ఎక్కుతది గద?" అంది. వెనక టికెట్లు కొడుతున్న కండక్టర్ విననే విన్నాడు. "ఇంటికాడ నాకు పాత్రలు కడుగుడొక్కటే మేడం" అన్నాడు. బస్సులో చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజు మేం మనస్ఫూర్తిగా నవ్వింది అక్కడే.

పెబ్బేరులో దిగి శ్రీరంగాపూర్‌కు ఆటో ఎక్కాం. పోనూ రానూ ముందే మాట్లాడుకోవడం మంచిది, అక్కడ తిరుగు బండ్లు తక్కువ. రంగనాయకస్వామి గుడికి మూడు వైపులా చెరువు నీళ్లు. గోపురం ఎత్తుకు తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. నేను దర్శనం చేసుకుని వచ్చేసరికి కృప గట్టు మీద చెప్పులు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. "అమ్మ వచ్చినంక గీడికి తీస్కొస్త. ఆమెకు నీళ్లంటె మస్తు ఇష్టం" అంది.

వనపర్తిలో భోంచేసి, గోపాలపేట మీదుగా వెళ్లే బస్సులో మూడు గంటలవుతుండగా నాగర్‌కర్నూల్ చేరాం. కాలేజీకి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక మేడ మీద రెండు గదులు ఖాళీ ఉన్నాయని కృపకు ఎవరో చెప్పారు. ఇంటాయన రిటైరైన హెడ్మాస్టరు. గేటు దాకా వచ్చి "రాండ్రి మేడం, కూసోండ్రి" అంటూ లోపలికి పిలిచాడు. ఆయన కూతురు స్వప్న అదే కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. కొత్త మేడం తమ మేడ మీదే ఉండబోతున్నదని తెలిసి ఆ పిల్ల ఆగలేకపోయింది. కృప చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి గదులు, నీళ్ల ట్యాంకు, బట్టలారేసుకునే తీగ, అన్నీ చూపించింది. తల్లిని కూర్చోబెట్టడానికి ఎండ పడే వరండా కూడా ఉంది. "మస్తుగుంది సునీతా. ఇంక వేరే చూడొద్దు" అంది కృప నా చెవిలో.

కిందికి వచ్చేసరికి సారు భార్య మురుకులు, టీ తెచ్చి పెట్టింది. అద్దె కుదిరింది, అడ్వాన్సు కుదిరింది. "గీ సోషియాలజీ అంటె ఏం చెప్తరు మేడం?" అని సారు ఆసక్తిగా అడిగాడు.

"మనుషులు కలిసి ఎట్ల బతుకుతరో చెప్తం సార్. పుట్టుకతోటి వచ్చే అంతస్తు ఒకటుంటది, దాన్ని ఆపాదిత అంతస్తు అంటం. చదువుకొని, కష్టపడి తెచ్చుకునేది సాధించిన అంతస్తు" అంది కృప.

"మంచి మాట. సాధించుకున్నదే అసలుది. నేను గూడ పలక కొనలేని ఇంట్ల నుంచి హెడ్మాస్టర్ దాక వచ్చినోణ్ణే" అన్నాడాయన. తర్వాత టీ కప్పు కింద పెడుతూ, ఊరి పేరు అడిగినంత తేలిగ్గా అడిగాడు. "ఇంతకు మీరు ఏమోళ్లు?"

ఆ వైపు కులం అడిగే పద్ధతి అది. ముందు నా వైపు చూశాడు కాబట్టి నేను చెప్పాను. చెప్పడానికి నాకు ఆలోచించాల్సిన అవసరం రాలేదు. సారు తల ఊపి కృప వైపు తిరిగాడు.

"మాదిగోళ్లం సార్. చర్చికి పోతం" అంది కృప. గొంతులో తేడా ఏమీ లేదు.

సారు భార్య ఆయన మొహం చూసింది. "స్వప్నా, లోపటికి రా. పాలు పొంగుతున్నయేమో చూడు" అంది. ఆ పిల్ల కదల్లేదు. రెండోసారి గట్టిగా పిలిస్తే తల వంచుకుని లోపలికి పోయింది. "అయ్యో, మర్చేపోయిన మేడం. మా మరిది కొడుకు వచ్చే నెల వస్తనన్నడు. ఆయనకు మాటిచ్చినం" అని ఆమె కప్పులు తీయడం మొదలుపెట్టింది. నా కప్పులో ఇంకా టీ ఉంది.

కృప లేచి, థాంక్స్ చెప్పి గేటు వైపు నడిచింది. నేను చెప్పులేసుకుంటుంటే సారు పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏమనుకోవద్దు మేడం. నాకైతె గసొంటి పట్టింపుల్లేవు. చుట్టుపక్కలోళ్లు నలుగురు నాలుగు మాటలంటరు. మీరుంటనంటె ఇప్పుడే తాళం చేతిలో పెడ్త. ఆ మేడం వచ్చి పోతుండొచ్చు."

"ఇల్లు మీ మరదలి కొడుక్కో ఎవరికో ఇచ్చేశామన్నారు కదా సార్?" అన్నాను. కోపంలో వరస కూడా సరిగ్గా రాలేదు. లోపలికి వినపడాలనే గట్టిగా అన్నాను. కృప వెనక్కొచ్చి నా మణికట్టు పట్టుకుంది. "పా సునీతా, పోదాం."

రోడ్డు మీద నేను ఊరుకోలేకపోయాను. "ఎందుకు ఊరుకున్నావు? నాలుగు మాటలు అడగాల్సింది" అన్నాను.

"ఆ పిల్లకు సోమవారం పాఠం చెప్పేది నేనే గద. వాళ్ల నాయినతోటి కొట్లాడి ఏం మొహం పెట్టుకొని క్లాసుకు పోవాలె? నువ్వు కొట్లాడి కర్నూలు పోతవు. నేను గీ ఊర్లెనే బతకాలె" అంది.

పొద్దు వాలేలోపు ఇంకో రెండిళ్లు చూశాం. ఒక చోట గేటు తీయకముందే ప్రశ్న వచ్చింది. ఇంకో చోట పేరు అడిగారు, కృపావతి అనగానే ఇంటిపేరు అడిగారు, తర్వాత నీళ్లకు కష్టంగా ఉందని చెప్పారు. బస్టాండు దగ్గర ఫోన్ బూత్ నుంచి కృప వాళ్ల ఊళ్లో పక్కింటికి ఫోన్ చేసి తల్లిని పిలిపించింది. "ఇల్లు దొరికిందా బిడ్డా?" అన్న మాట నాకు కూడా వినపడింది. "ఒకటి చూసిన గని నచ్చలేదమ్మా. చీకటిగుంది" అంది కృప. "నచ్చనిది నీకా, వాళ్లకా?" అని అడిగింది ఆ తల్లి. కృప రిసీవర్ పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. ఇల్లు చూసినప్పటి నుంచీ ఆపుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది.

చివరికి వాళ్ల చర్చికి వచ్చే ఒక నర్సు ఊరి చివర తన ఇంటి వెనక రేకుల గది ఇచ్చింది. ఎండాకాలం లోపల కూర్చోలేరు. కాలేజీకి ఆటో ఎక్కాలి. తల్లి వచ్చి అక్కడే ఉంటోంది. మొన్న కృప ఫోన్ చేసినప్పుడు స్వప్న సంగతి అడిగాను. "మొన్న స్లిప్ టెస్టు పెట్టిన. అన్ని నిర్వచనాలు కరెక్టుగ రాసింది. సాధించిన అంతస్తుకు ఉదాహరణ ఏం రాసిందో తెలుసా? 'మా సోషియాలజీ మేడం' అని రాసింది" అంది.

"మార్కులు వేశావా?"

"వేసిన. తప్పని ఎట్ల కొట్టేస్త చెప్పు?"

నేను పాఠం చెప్పే పుస్తకంలో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోదానికి రెండేసి వాక్యాలు, ఒక్కో ఉదాహరణ. చదివినవాడికి రెండూ సమానంగా తూగుతాయనిపిస్తుంది. ఆ మేడ కింది గదిలో మాత్రం ఇన్నేళ్ల చదువు, రాసిన పరీక్షలు, వచ్చిన ఉద్యోగం అన్నీ కలిపినా ఒక్క మాట ముందు నిలవలేదు. పైగా అక్కడ ఎవరూ కసురుకోలేదు, తిట్టలేదు. గేటు దాకా ఎదురొచ్చారు, మేడం అని పిలిచారు, మురుకులు పెట్టారు. ఆ మర్యాద గుర్తొస్తే నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది. ఆ దారిలో కోట చూడండి, గుడి చూడండి, ఉగ్గాని తినండి, అన్నీ బాగుంటాయి. కృపలాగా ఇల్లు వెతకడానికి వెళ్లేవాళ్లకు మాత్రం ఒక్క సలహా. గదులు చూడకముందే, గేటు దగ్గరే, మీరు ఏమోళ్లో చెప్పేయండి. వరండాలో ఎండ ఎక్కడ పడుతుందో చూసుకునే శ్రమైనా తప్పుతుంది.