అక్క చేతి నట్టు

మా బావకి కోపం తెప్పించాలంటే ఆయన చేసే పనిని సైలెన్సర్ వెల్డింగ్ అంటే చాలు. ఆయన పాత కార్ల ఇంజన్లకి కొలత చూసి పొగగొట్టాలు కట్టే మనిషి. వీధి మొత్తం ఆయన్ని 'గొట్టాల గురువుగారు' అంటుంది. అందులో గౌరవమెంతో వెటకారమెంతో నేను చెప్పను. చొక్కాలు కుట్టుకు బతికేవాణ్ని, నాకెందుకు?

పని చూస్తే మాత్రం కళ్ళు తిప్పుకోలేం. ముందు మెత్తని ఇనుప తీగ తీసుకుని, ఇంజన్ దగ్గర మొదలుపెట్టి, స్టీరింగ్ రాడ్డుని తప్పించి, వంచుకుంటూ కిందికి దారి వెతుకుతాడు. ఆ తీగ వంపుల్ని బట్టి గొట్టం ముక్కలు కోస్తాడు. నాలుగు గొట్టాలూ ఎన్ని వంకర్లు తిరిగినా పొడవు మాత్రం ఒక్కటే ఉండాలట. అప్పుడే ఇంజన్ హాయిగా ఊపిరి వదులుతుందట. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, ఆ ముక్క మూలకి పోతుంది. కంచంలో అన్నం చల్లారి రాయైపోయినా ఆయనకి పట్టదు.

ఇంటి పక్క రేకుల షెడ్డులో ఆయన సొంత కారు ఉంది. పెళ్ళయిన కొత్తలో కొన్నది. అందులో మా అక్క కూర్చుని వెళ్ళిన దూరం కంటే దిగి తోసిన దూరమే ఎక్కువ. చివరికి ఇంజన్‌కున్న పోత ఇనుప గొట్టం పగిలి, అది మూలపడింది. ఊళ్ళో అందరి కార్లకీ గొట్టాలు కట్టే మనిషి సొంత కారు సంగతెత్తితే మాత్రం 'వచ్చే వారం' అనేవాడు. ఆ షెడ్డులో బట్టలు ఆరేసుకోవాలని అక్క ఆశ.

ఒకరోజు అక్క తెగేసి చెప్పింది. "ఆదివారం పాత ఇనుము కొనేవాణ్ని రమ్మన్నాను. ఈలోగా అది కదిలితే ఉంటుంది, లేదంటే పోతుంది."

బావ తలూపాడు. ఆ వారమంతా బేరాలన్నీ పక్కన పెట్టి దానిమీదే కూర్చున్నాడు. మా దర్జీల్లాగే ఆయనా ముందు టాకాలు వేసి, సరిచూసుకుని, తర్వాతే గట్టిగా అతుకుతాడు. పూర్తయ్యాక చూసి నేనే కుళ్ళుకున్నాను. ఒక్క అతుకులోనూ వంక పెట్టడానికి లేదు.

ఆదివారం పొద్దున బిగించడం మొదలుపెట్టాడు. అన్ని నట్లూ పట్టాయి, మూడో గొట్టం వెనకున్నది తప్ప. టాకాలప్పుడు రెండు చివర్ల నట్లు మాత్రమే పెట్టి చూసుకున్నాడట. పొడవులు అంత చూసుకున్న మనిషి, నడిమి నట్టు దగ్గరికి చెయ్యి ఎలా వెళ్తుందో చూసుకోలేదు. స్పానర్‌ని సగానికి కోశాడు. స్పానర్ దూరింది గానీ పిడికిలి దూరలేదు.

"తల దూరడానికి సందు లేకుండా చొక్కా కుట్టావు బావా," అన్నాను.

"నోర్ముయ్యరా!"

అంతలో పాత ఇనుము మనిషి లారీతో దిగాడు. తాడు ఒళ్ళో పెట్టుకుని, స్టూలు మీద తీరిగ్గా కూర్చున్నాడు. బావ ఇనుము కోసే గ్రైండర్ తీసుకుని మూడో గొట్టం మీద సుద్దముక్కతో గీత గీశాడు. కోస్తే మళ్ళీ అతకాలి, ఆ రోజుకి కారు కదలదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. గీసిన గీత మీదే మళ్ళీ గీయడం చూసి నాకు జాలేసింది. నిజంగానే.

గుమ్మంలో తడిబట్టల బకెట్టుతో నిలబడ్డ అక్క బకెట్టు కింద పెట్టింది.

"జరగండి."

"నీకెందుకే, మసి..."

అక్క పళ్ళ ఆసుపత్రిలో నర్సు. "నోరు తెరవమంటే చెయ్యి కొరికే పిల్లల్ని చూశాను, ఇదో లెక్కా?" అంటూ వాచీ తీసి నా చేతిలో పెట్టింది. సన్నటి చెయ్యి గొట్టాల మధ్య మోచేతి దాకా వెళ్ళింది. కళ్ళు మూసుకుని, వేళ్ళతో వెతికి, నట్టు ఎక్కించి, ఆ కోసిన స్పానర్‌తో బిగించింది.

కారు ఒక్క తిప్పుకే అందుకుంది. చప్పుడు గుండ్రంగా, నిండుగా వచ్చింది. బావ ఇంజన్ వైపు చూడనే లేదు, మసి అంటిన అక్క చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"రమ్మన్నది మీరే కదమ్మా?" అన్నాడు లారీ మనిషి.

"అవునండీ. టీ తాగి వెళ్ళండి," అంది అక్క.

వేడికి ఆ నట్టు అప్పుడప్పుడూ వదులవుతుంది. అప్పుడు షెడ్డులోంచి, "ఇదిగో, ఒకసారి చెయ్యిస్తావా?" అని పిలుపు వస్తుంది. అక్క తిట్టుకుంటూనే వెళ్తుంది. తర్వాత ఇద్దరూ కారెక్కి అలా తిరిగొస్తారు, నట్టు ఆగిందో లేదో చూడ్డానికట.

మొన్న కత్తెరకి సాన పట్టుకుందామని బావ షాపుకెళ్ళాను. గుడ్డపేలికల కింద ఒక స్పానర్ దొరికింది. కాల్చి రెండుచోట్ల వంచినది. అనుమానమొచ్చి షెడ్డుకి తీసుకెళ్ళి చూస్తే ఆ నట్టుకి సరిగ్గా పట్టింది. నా వెనకే బావ వచ్చాడు.

"ఇదుండగా అక్కనెందుకు పిలుస్తున్నావు బావా?"

బావ గబుక్కున లాక్కున్నాడు. "మీ అక్కతో అనకురా."

నా నోట్లో నువ్వుగింజ నానదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి చెప్పేశాను. అక్క దులుపుతున్న చొక్కా దులుపుతూనే ఉంది.

"ఆ వంకర స్పానరా? నేనెప్పుడో చూశాను. నువ్వు మాత్రం ఆయనతో అనకు."

షెడ్డులోంచి పిలుపు వచ్చింది. "వస్తున్నా! ఒక్క నట్టు బిగించుకోవడం చేతకాదు గానీ..." అని అరుస్తూ, వాచీ తీసి నా చేతిలో పెట్టి వెళ్ళింది.